మూడో ఆకు

తొంభైల్లో ఒక ఏడు, ఎప్పటిలాగే నా దుకాణానికి విస్తరాకులు కొనడానికి బాన్సువాడ వెళ్లాను. పెళ్లిళ్ల రోజులు కావడంతో, బస్టాండు పక్కన మోదుగాకులు కుట్టే సాయవ్వను ఎప్పుడూ ఇచ్చే యాభై కట్టలకు ఈసారి రెట్టింపు కుట్టిమ్మన్నాను.

"కాదు బిడ్డా," అంది తలెత్తకుండానే.

"అడవి నిండా ఆకే కదా అవ్వా."

"ఉన్నది. కాడకు మూడాకులుంటయి. రెండు తెంపుతం, ఒకటి చెట్టుకు ఇడుస్తం. నువ్వడిగేది గా మూడోది."

ధర పెంచాను. ఆమె పుల్ల విరిచి ఆకులో గుచ్చింది. "గా మూడోది నాది కాదు. ఎట్ల అమ్ముత?"

కోపంతో పక్క ఊరికి వెళ్లాను. నా మాట విని అక్కడివాళ్లు మూడూ తెంపారు. మరుసటేడు అక్కడి ఆకు అరచేయంతే వచ్చింది, విస్తరికి పనికిరాలేదు.

సాయవ్వ మాత్రం ఎప్పటిలాగే యాభై కట్టలు నా ముందు పెట్టింది. ఎన్ని కావాలని ఆమె అడగలేదు. రెట్టింపు మాట నేనూ ఎత్తలేదు.