విమానానికి జాకెట్ కొలత

మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ముందు గదిలో ప్లైవుడ్‌తో విమానం కాక్‌పిట్ కడుతున్నారు. అది కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట కోసమే, కానీ కూర్చుంటే నిజం విమానంలా ఉండాలట. ఈ రోజు ముందు పలకలో మానిటర్ బిగించాలి. ఇనుము పని తెలిసిన చేతికి చెక్క పని కొత్త. కంత పెద్దదై మానిటర్ జారిపోవడంతో అప్పటికే రెండు పలకలు పాడయ్యాయి. మిగిలిన ఒక్క పలక మీద రంపం పెట్టబోతుంటే నేను ఆపాను.

“జర ఆగుండ్రి. జాకెట్ కోసే ముందు నేను పేపర్ కత్తిరిస్త గదా, గట్ల జేసి సూడుండ్రి.”

“గిది విమానం, జాకెట్ గాదు!”

“నేను కుట్టిన జాకెట్ ఎన్నడన్న వదులైందా?”

ఆయన పాత పేపర్ తెచ్చారు. దాన్ని మానిటర్ మీద పరిచి, అంచు వెంట గోటితో గీసి, కత్తిరించి ఇచ్చాను. ఆ కొలతకు కోస్తే మానిటర్ చక్కగా ఇమిడిపోయింది. పలకకు కుంకుమ బొట్టు పెట్టాను.

“యాడికి పోదామే?” అన్నారు సీట్లో కూర్చుని.

“కందకుర్తికి.”

కాసేపటికి తెర మీద గోదావరి, మంజీర కలిసే చోటు కనిపించింది. నేను నదికి దండం పెట్టాను. ఆయన తనకే అనుకుని గంభీరంగా తలూపారు. నిజం చెప్పమంటారా, ఉండనివ్వమంటారా?