మూడో చెవికుట్టు

రండి, పీట దగ్గరికి లాక్కొని కూర్చోండి. మంచినీళ్ళ చెంబు పక్కనే పెట్టాను, మధ్యలో లేవకండి. నేను చదివింది ఐదో తరగతే గానీ ఒకసారి చూసిన దారీ విన్న మాటా మరిచిపోను. మా అమ్మాయి సువార్త విశాఖపట్నంలో బొమ్మల కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నప్పుడు, అనకాపల్లి నుంచి నేనొక్కదాన్నే పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరిన సంగతి చెబుతాను. మీ పిల్లలెవరైనా అలాంటి చదువుకు వెళితే ఈ దారి మీకూ పనికొస్తుంది.

బిడ్డ మీద బెంగ పెట్టుకుని వెళ్తున్నానని వీధిలో అందరికీ చెప్పాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, నేను వెళ్ళింది అసూయతో.

దసరా సెలవులకి సువార్త పొడుగాటి కాగితాల చుట్ట ఒకటి ఇంటికి తెచ్చింది. నేను ఇడ్లీపిండి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఆశగా విప్పాను. పదకొండు బొమ్మలు. పదకొండింటిలోనూ ఒకే ముసలావిడ. ముందు నుంచి, పక్క నుంచి, తల వంచుకుని, గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని. ఎవరే ఈవిడ అంటే, మా మోడల్ అమ్మా, పైడమ్మ, మేం చూసి వేయడానికి రోజూ వచ్చి కూర్చుంటుంది అంది. ఇక మొదలుపెట్టింది చెప్పడం. ఆవిడ ఎడమ రెప్ప ఎలా వాలుతుందో, మెడ మీద ముడతలు ఏ వాటంగా పోతాయో, కుడి చెవి తమ్మె ఎక్కడ తెగిందో. అన్నం చల్లారిపోతోంది, ఆ చెవి మాట మాత్రం ఆగలేదు.

నేను పొయ్యి దగ్గర కట్టుకునే తలగుడ్డ చెవుల మీదకి లాక్కుని అడిగాను, "నా సెవికి ఎన్ని కుట్లు ఉన్నాయో సెప్పే."

అది నవ్వి, "రెండు. ఇదేం ప్రశ్న అమ్మా" అంది.

రెండు కాదు, మూడు. ఎడమ చెవికి పైన ఒకటి పూడిపోయింది. ఇరవై ఏళ్ళు నా చంక దిగని పిల్లకి నా చెవి తెలియదు, ఎవరో పరాయిదాని చెవి నరాలతో సహా తెలుసు. ఆ రాత్రి మా ఆయనతో, నేను వైజాగ్ వెళ్ళాలి, ఒక్క రోజు ఇడ్లీ కొట్టు మూసేస్తాను అన్నాను. మా ఆయన బెల్లం మార్కెట్‌లో కలాసీ, దిమ్మలు మోసే పని. మా అరుగు మీద ఇడ్లీ తినే కలాసీలందరూ ఆయన తోటివాళ్ళే. పందొమ్మిదేళ్ళలో నేను కొట్టు మూసింది కాన్పులప్పుడు, క్రిస్మస్‌కి. ఆయన, సరే, పప్పు నేను నానబెడతాలే అన్నాడు.

మర్నాడు కాదు, ఆ పై వారం, ఏడుంబావు పాసింజరు. టికెట్టు పది రూపాయల లోపే. మీరు వెళితే ఎడమ వైపు కిటికీ పట్టండి. పొద్దున పోయేటప్పుడు ఎండ కుడి వైపు కొడుతుంది, సాయంత్రం వచ్చేటప్పుడు కూడా ఎడమ వైపే నీడ. నేను పెళ్ళినాటి పట్టుచీర కట్టాను. ఒళ్ళో డబ్బా నిండా బెల్లం గవ్వలు. ఎదురుగా మునగపాక నుంచి వంకాయల గంపతో వచ్చిన ఒక వదిన కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"బొమ్మలెయ్యడం నేర్సుకోడానికి నాలుగేళ్ళేటి వదినా? మా పిల్లడు గోడల మీద ఊరికే ఏసేత్తాడు, నేనే తంతాను."

"చరిత్ర కూడా చెప్తారంట" అన్నాను, నాకు తెలిసింది అంతే.

"బొమ్మలకి సరిత్రేటి?" అంది. ఆ పక్కన అచ్యుతాపురం కంపెనీలో చేసే కుర్రాడొకడు యూనిఫారంలో నిద్రపోతున్నాడు, కళ్ళు తెరవకుండానే, "మా కంపెనీకి బోర్డులు రాయడానికి ఓ మనిషి కావాలంట పిన్నీ, నీ కూతురొత్తాదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు కూతురు పక్షం తీసుకున్నాను. దాని మీద కోపం నాకుండొచ్చు, వీళ్ళకెందుకు.

తాడి, దువ్వాడ దాటి, సిగ్నల్ దగ్గర ఆగి ఆగి, తొమ్మిదికి పది నిమిషాల ముందు విశాఖపట్నంలో దిగాను. స్టేషన్ బయట సిటీ బస్సు. కండక్టరుకు కాలేజీ పేరు చెప్పి, ముందు సీట్లో కూర్చుంటే గేటు దగ్గరే దింపాడు. గేటు దగ్గర సువార్త నిలబడి ఉంది. ముందురోజే ఫోనులో చెప్పాను. వేళ్ళు పదీ బొగ్గుతో నల్లగా ఉన్నాయి.

"పట్టుచీరేంటమ్మా?" అంది.

పదిన్నరకి దాని చరిత్ర క్లాసు. మేడమ్‌ని అడిగి నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టింది. కిటికీలు మూసి, దీపాలు ఆర్పి, తెర మీద ఒక్కో బొమ్మ వేస్తారు. మిషను టక్కుమనగానే కొత్త బొమ్మ. గుహల గోడల మీద ఎవరో వేసినవి, తాటాకుల మీద వేసినవి, పరాయి దేశాలవి. అప్పుడొకటి వచ్చింది. తలగుడ్డ కట్టుకున్న ముసలి ముఖం, ఎముకలు పైకి తేలి, బొగ్గుతో గీసింది. ఇది చిత్రకారుడు తన తల్లిని కూర్చోబెట్టి వేసిన బొమ్మ, కొద్ది రోజులకే ఆవిడ పోయింది అని మేడమ్ చెప్పింది. మిగతాదంతా ఇంగ్లీషు, నాకు ఎక్కలేదు. ఆ ఒక్క మాట చాలు. ఎక్కడో తెల్లవాళ్ళ దేశంలో కూడా కొడుకు తల్లిని కూర్చోబెట్టాడు. చీకట్లో నా కూతురి వైపు చూశాను. అది వంచిన తల ఎత్తకుండా రాసుకుంటోంది.

ఒంటిగంటకి క్యాంటీనులో భోజనం, సాంబారు పలచన. తిని బయట చప్టా మీద కూర్చున్నాం. అక్కడికి వచ్చింది ఆవిడ. పదకొండు కాగితాల్లోంచి లేచి వచ్చినట్టే ఉంది. రెండు వైపులా ముక్కుపుడకలు, వాలిన రెప్ప, తెగిన చెవి. వెనకట రేవులో చేపలు అమ్మేదట. మోకాళ్ళు పట్టేశాక ఈ పనిలో చేరింది. వచ్చీ రాగానే సువార్త తల నిమిరి, నాతో అంది.

"మా గుంట రేతిరి తినకుండా బొమ్మలేత్తాది, ఇంత నూనె కూడా ఎట్టుకోదు తలకి. నువ్వేనా దాని తల్లివి?"

మా గుంట అట, తన కన్నపిల్ల అయినట్టు. నేను డబ్బా మూత తియ్యలేదు. సువార్త తీసి ఆవిడ చేతిలో గవ్వలు పోసింది. మా వైపు పెద్దావిడని అప్పా అంటాం, అక్క అన్నమాట. నేను ఆవిడని ఏ వరసా పెట్టి పిలవలేదు. గవ్వ కొరికి, "పాకం ముదిరింది సెల్లీ" అంది. నిజమే, ముదిరింది. అదే నాకు ఇంకా కష్టమైంది.

రెండింటికి బొమ్మలేసే గదిలోకి వెళ్ళాం. పెద్ద గది, మూడు కాళ్ళ స్టాండులు చుట్టూ, నడుమ చెక్కల ఎత్తు మీద కుర్చీ. పైడమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. అంతే, మనిషి రాయి అయిపోయింది. పన్నెండు మంది పిల్లలు బొగ్గుపుల్లలు పట్టుకుని చూపు ఆవిడ మీద పెట్టారు. నేను గోడవారగా నా బిడ్డనే చూస్తున్నాను. అది చూసే తీరు నాకు తెలియనిది. కళ్ళు సగం మూసి, పుల్ల ముందుకు చాపి కొలిచి, ఒక కన్నుతో, రెండు కళ్ళతో. జ్వరం వచ్చిన పిల్లని నేను అలా చూసేదాన్ని. నన్నెవరూ అలా చూడలేదు. నా పెళ్ళిచూపుల్లో కూడా, మా మామగారు నా చేతుల బలమే చూశాడు.

ముప్పావు గంటకి విరామం ఇచ్చారు. నేను ఊరుకోలేక సువార్తతో అనేశాను, "ఊరికే కూకోడం కూడా పనేనా? ఎవరైనా కూకుంటారు."

నెమ్మదిగానే అన్నాను గానీ పైడమ్మకి వినబడింది. మోకాళ్ళు పట్టుకుని దిగుతూ, "అయితే నువ్వు కూకో. నా నడుం వాలుత్తాను" అంది. పిల్లలు నవ్వారు. డ్రాయింగు సారు పెద్దమనిషి, నన్ను చూసి, కొత్త ముఖం పిల్లలకి మంచిదే, ఒక గంట కూర్చుంటారా అమ్మా అన్నారు. సువార్త ముఖం ఎర్రబడింది. వద్దమ్మా, నీవల్ల కాదు అంది.

ఆ మాటకే కుర్చీ ఎక్కాను. ఫొటో స్టూడియోలో లాగా నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద, పెదాలు బిగించి.

అయిదు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత ముక్కు దురద. తర్వాత మెడ. మా ఆయన పప్పు నానబెట్టాడో లేదో అని ఒక ఆలోచన, పక్కకి తిరిగాను. నీ పేరేంటని ఎదుటి పిల్లని అడిగాను. మాట్లాడకండమ్మా అన్నారు సారు. చేతులు వాటంతటవే లేస్తున్నాయి. మాట లేకుండా, పని లేకుండా నేను కూర్చున్న గంట నా బతుకులో ఒక్కటి కూడా లేదని అప్పుడు తెలిసింది. కాలు తిమ్మిరెక్కింది. దిగిపోదామనుకున్నాను. గెలిచింది పైడమ్మే అనుకున్నాను.

అప్పుడు ఆవిడే కింద పడుకున్న చోటు నుంచి, కళ్ళు తెరవకుండా చెప్పింది.

"ఎదురుగోడకి మేకుంది, సూసేవా? దాన్నే సూడు. పళ్ళు బిగబట్టకు. బరువు ఒక తుంటి మీద ఏసెయ్యి."

మేకు కనబడింది, తుప్పు పట్టినది. దాన్ని పట్టుకున్నాను. చెప్పినట్టే చేశాను, తిమ్మిరి తగ్గింది. గదిలో పుల్లల గరగర తప్ప చప్పుడు లేదు.

సువార్త లేచి వచ్చింది. వెలుతురు సరిగా పడటంలేదని, నల్లటి వేళ్ళతో నా గెడ్డం పట్టుకుని ముఖం కొంచెం కిటికీ వైపు తిప్పింది. చంటిపిల్లకి పాలు పట్టేటప్పుడు నేను దాని గెడ్డం అలాగే పట్టేదాన్ని. తిరిగి వెళ్ళి చూడడం మొదలుపెట్టింది. నేను మేకునే చూస్తున్నాను గానీ, చూపు ముఖం మీద పాకుతుంటే తెలుస్తుందండీ, ఎండ పాకినట్టు. నుదురు, రెప్ప, ముక్కు, చెవి. చెవి దగ్గర ఆగింది. పుల్ల చప్పుడు ఆగింది.

"అమ్మా" అంది మెల్లిగా. "ఇక్కడ మూడోది కూడా ఉందే. ఎలా పూడిపోయింది?"

ఆ కథ నా నాలుక చివర ఉంది. అప్పుడు సువార్తకి తొమ్మిది నెలలు. పాలు తాగుతూ నా ఎడమ చెవి పై రింగు గుప్పిట్లో పట్టి లాగింది. రక్తం కారినా నేను అరవలేదు, అరిస్తే పాలు వదిలేస్తుందని. చెవి చీము పట్టి, రింగు తీసేశాక పూడిపోయింది. ఇన్నేళ్ళ నుంచి అది అడగాలనే చూశాను, అడిగింది. కానీ చుట్టూ పన్నెండు మంది పిల్లలు నా మూతి గీస్తున్నారు. నోరు తెరిస్తే అందరి బొమ్మా చెడుతుంది. మేకు వైపే చూశాను. బతుకులో మొదటిసారి ఒక కథ మింగాను.

నాలుగింటికి దిగాను. బొమ్మ చూపించింది. పట్టుచీర లేదు, ముఖమూ చెవీ మాత్రమే. నేను అంత ముసలిదాన్నయ్యానని నాకు తెలియదు. చెవి మీద చిన్న చుక్క, పూడిన గుర్తు. ఇంటికి తీసుకెళ్తానంటే, కుదరదమ్మా, మార్కులకి ఇక్కడే ఉండాలి అంది.

పైడమ్మ వచ్చి బొమ్మ ముందు నిలబడింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆ చిన్నబోవడం నాకు కొత్త కాదు, దసరా నుంచి నా అద్దంలో చూస్తున్నదే.

"నా తెగిన సెవి ఎన్నిసార్లు గీసేరో నెక్క లేదు" అంది. "ఎలా తెగిందని ఒక్కరూ అడగలేదు."

నేను అడిగాను.

"ఎలా తెగింది అప్పా?"

"సేపల ఏలంలో ఎవడిదో గంప కొక్కెం పట్టీసింది. నెత్తురు కారిపోతంది. సెవి వదిలీసేను గానీ గంప వదల్లేదు" అని నోరంతా తెరిచి నవ్వింది. మిగిలిన గవ్వలు డబ్బాతో సహా ఇచ్చేశాను. పాకం ముదరకుండా ఎలా చూడాలో బస్టాపు దాకా చెప్పింది.

ఆరుంబావు పాసింజరుకి సువార్త ఎక్కించింది. చెవి మాట మళ్ళీ అడుగుతుందేమోనని చూశాను. రైలు కదిలే వేళకి దానికి రేపు ఇవ్వాల్సిన రాతపని గుర్తొచ్చింది, పరిగెత్తింది. ఎడమ కిటికీ దొరికింది. దువ్వాడలో ఎక్కిన ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, "గెడ్డం మీద మసంటింది వదినా, తుడుసుకో" అంది.

"ఉండనీ" అన్నాను.

అసూయ పోయిందా అంటే, పోలేదు. మర్నాడు రెండింటికి ఆ కుర్చీలో మళ్ళీ పైడమ్మే కదా. పప్పు రుబ్బుతూ గడియారం చూశాను, ఇప్పుడు అది ఆవిడ రెప్ప చూస్తూ ఉంటుంది అనుకున్నాను. కానీ ఆ చుక్క ఒకటి ఉంది కాగితం మీద. అది పూడిన కథ సువార్తకి ఇంకా చెప్పలేదు. మళ్ళీ అడిగే దాకా చెప్పను. మీకు చెప్పాను, మీరూ చెప్పకండి.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి గడపలో దీపం నిలబడాలి, మీ పొయ్యి చల్లారకూడదు. మీ కడుపున పుట్టిన వాళ్ళు ఒక్క గంటైనా, వెలుతురు ఉండగానే, మీ ముఖం తిప్పి చూడాలి.