దిబ్బ మీద వెలుగు

కార్తీకం చివర్లో ముసురు పట్టింది. మూడు రోజులుగా సాయంత్రం ఏడు కొట్టేసరికి ఊరిగాంలో జనం మిద్దెలెక్కి తూర్పు వైపు చూస్తున్నారు. సైనైడ్ దిబ్బకు సరిగ్గా పైన, మబ్బుల్లో, చాటంత వెడల్పున పసుపు రంగు వెలుగొకటి కనిపిస్తోంది. కదలదు. మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది.

కోలారు బంగారు గనులు మూతపడి ఇన్నేళ్ళయినా ఈ ఊళ్ళో ఏ వింత జరిగినా నేరం దిబ్బ మీదికే పోతుంది. బంగారం తీసుకోగా మిగిలిన రాతిపొడి అది, కొండలా పేరుకుపోయింది. బోరు నీళ్ళు ఉప్పగా వచ్చినా దిబ్బే, కోడి గుడ్డు పెట్టకపోయినా దిబ్బే. ఇప్పుడు దిబ్బ లోపల మండుతోందని కొందరన్నారు. గనిలో చచ్చిపోయిన కూలీల దీపాలని ఇంకొందరన్నారు.

శ్రీరక్ష ఈ మాటలకు నవ్వవలసిన మనిషి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివింది, కోలారు అవతల మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. కానీ ఆ వారమే నాలుగేళ్ళ కూతురు కుముదకు పిల్లికూతలు మొదలయ్యాయి. బిడ్డ ఛాతీ మీద చెవి పెట్టి వింటూ, కిటికీలోంచి ఆ వెలుగును చూస్తూ, చదివిన చదువంతా భయానికి అప్పజెప్పేసింది. ఏ ఖనిజానికి ఏ గాలి తగిలితే మెరుస్తుందో ఫోన్లో వెతికి వెతికి ఒక సిద్ధాంతం తయారుచేసుకుంది. అందులో ఎక్కడో తప్పుందని ఆమెకూ తెలుసు. ఆ తప్పు వెతికే ఓపిక లేదు. రోజూ రైల్లో బెంగళూరు పోయి వచ్చే భర్త అచ్యుతకు చెప్పేసింది: "ఈ నెల్లోనే అక్కడ ఇల్లు చూడు. బిడ్డను ఈ దిబ్బ పక్కన పెట్టుకోను." అంటే ఆమె ఉద్యోగం మానుకోవాలి, పగలంతా కుముదను చూసుకునే పక్కింటి దొడ్డమ్మను వదులుకోవాలి. అయినా సరేనంది.

ఆ దొడ్డమ్మ భర్త మునివెంకటప్ప. వయసు డెబ్బై రెండు. గనిలో ఇరవై ఏడేళ్ళు ల్యాంప్ రూమ్‌లో పనిచేశాడు. ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ను ల్యాంప్ రూమ్ మునివెంకటప్ప అంటేనే తెలుస్తుంది. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి టోకెన్ ఇచ్చి, తన నంబరు దీపం తీసుకుని, టోపీకి తగిలించుకుని పోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా భూమి లోపల ఉన్నాడని అర్థం. ఆ కొక్కెం నిండేదాకా మునివెంకటప్ప ఇంటికి పోయేవాడు కాదు.

ఒకసారి మునియప్ప అనే కూలీ దీపం రాలేదు. కింద వెతకడానికి మనుషులు దిగబోతున్నారు. అతని భార్యకు నెలలు నిండాయని తెలిసిన మునివెంకటప్ప వాళ్ళను ఆగమని, సైకిలెక్కి ఆండర్సన్‌పేటలో మునియప్ప ఇంటికి పోయాడు. ఇంట్లో కరెంటు లేదు. మునియప్ప భార్యకు నొప్పులు వస్తున్నాయి. మునియప్ప తిరిగివ్వకుండా ఇంటికి తెచ్చేసిన గని దీపం వెలుతురులోనే మంత్రసాని పని చేస్తోంది. మనిషి క్షేమమని పిల్లవాడొకడితో గనికి కబురు పంపి, బిడ్డ పుట్టేదాకా ఆ దీపాన్ని తానే పట్టుకుని నిలబడ్డాడు మునివెంకటప్ప. తర్వాత దాన్ని తీసుకుపోయి కొక్కేనికి తగిలించి, జరిగింది జరిగినట్టు ఆఫీసరుకు చెప్పాడు. మునియప్పతో పాటు తనకూ వారం రోజులు పని లేకుండా పోయింది. ఆ రోజు పుట్టినవాడే ఆనంద్. ఇప్పుడు ఆటో తోలుతున్నాడు.

ఇల్లు మారే సంగతి దొడ్డమ్మ చెబితే మునివెంకటప్ప శ్రీరక్ష వాళ్ళ మిద్దె ఎక్కి వచ్చాడు.

"పొయ్యేది పో తల్లీ, వద్దనను. తెలుసుకొని పో. తెలీకుండా పోవద్దు."

"ఏం తెలుసుకోవాల మామా? కళ్ళకు కనిపిస్తా ఉండాది కదా."

"కనిపించేది వెలుగు. దీపం యాడుండాదో ఎవురూ చూళ్ళేదు. వెలుగుంటే దీపం ఉంటాది, దీపముంటే దాన్ని ఎలిగించిన మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎవురో చూడాల."

వెలుగు కనబడగానే ఆయన పిట్టగోడ మీది పూలకుండీల్లో రెండు చీపురుపుల్లలు గుచ్చాడు. ఒక కన్ను మూసి, రెండు పుల్లలూ వెలుగూ ఒకే వరసలోకి వచ్చేదాకా జరిపాడు. మరుసటి సాయంత్రం ఆండర్సన్‌పేటలో ఆనంద్ వాళ్ళ మిద్దె మీదా అదే పని చేశాడు. కింద వీధిలోంచి ఎవరో అరిచారు: "ఏం తాతా, ఆకాశానికి కసువు చిమ్ముతా ఉండావా?"

"మీ ఇంటి ముందర చిమ్మేదానికే దిక్కులేదు, ఆకాశం సంగతి నీకేల్రా," అన్నాడు మునివెంకటప్ప కన్ను తెరవకుండానే.

పాత క్యాలెండరు వెనక రెండు మిద్దెలూ దిబ్బా గుర్తు పెట్టి, రెండు గీతలు గీసి శ్రీరక్ష ముందు పరిచాడు. పీయూసీలో ఫిజిక్సు సారు బోర్డు మీద వేసిన త్రిభుజమే అది. ఆమెకు తెలిసిన పద్ధతే. అయిదు రోజులుగా ఆమెకు తోచలేదు, ఏడో తరగతి చదివిన ఈయనకు తోచింది. రెండు గీతలూ దిబ్బ మీద కలవలేదు. దిబ్బ దాటి చాలా దూరం పోయి, బేతమంగళం దారిలో ఎక్కడో కలిశాయి.

"పుల్లలు అటూ ఇటూ అయినాయేమో మామా."

"అయినాయేమో. అందుకే పోయి చూద్దామంటా ఉండేది."

మర్నాడు పొద్దుగూకాక కుముదను దొడ్డమ్మకు అప్పగించి, శ్రీరక్ష ముక్కుకు మాస్కు కట్టుకుని మునివెంకటప్పతో కలిసి ఆనంద్ ఆటో ఎక్కింది. సన్నగా తుంపర పడుతోంది. దిబ్బ దగ్గరవుతున్నకొద్దీ ఆమె మాస్కును ఇంకా బిగించుకుంది. ఆటో దిబ్బ పక్కకు వచ్చింది. దిబ్బ నల్లగా, మామూలుగా, తడిసి ఉంది. పైన మబ్బులో ఏమీ లేదు. వెలుగు ఇంకా ముందుకు పోయి, అంతే ఎత్తున ఎదురుగా నిలబడి ఉంది.

శ్రీరక్ష మాస్కు కిందికి లాగింది. "ఇంగా ముందరికి పోనీ ఆనంద్," అంది.

ఎనిమిది కిలోమీటర్లు పోయాక రోడ్డు మలుపు తిరిగింది. ఎదురుగా ఎకరాల కొద్దీ దీపాలు. చామంతి తోట మీద వరసలు వరసలుగా తీగలు లాగి బల్బులు కట్టారు. మొక్కల మీద పడిన వెలుతురు, వాటి మీంచి పైకెగసి, కిందికి దిగిన మబ్బుకు తగులుతోంది. కుక్క మొరిగింది. టార్చి పట్టుకుని ఒకామె వచ్చింది. పేరు నేత్రావతి, తోట ఆమెదే.

"ఎవురప్పా అది? బల్బులు ఇప్పుకొని పోయేదానికి వచ్చినారా?"

"లేదమ్మా, ఈ దీపాలు ఎవురివని అడిగేదానికి వచ్చినాం," అన్నాడు మునివెంకటప్ప.

"మావే. చామంతి మొక్కకు రాత్రి పొడుగైతే పూత కొచ్చేస్తాది. మాకు మాఘమాసం పెళ్ళిళ్ళకు పూలు కావాల. అందుకని పగలింకా అయిపోలేదని దాన్ని నమ్మిస్తాం. గిడ ఎత్తు పెరిగినంక లైట్లు ఆపేస్తే అప్పుడు మొగ్గ." ఏడింటికి వేసి పదకొండింటికి ఆపుతుందట. మధ్యలో కరెంటు పోతే ఆమె చేసేదేమీ లేదు.

శ్రీరక్ష మనసులో అన్నీ ఒకటొకటిగా సరిపోయాయి. ముసురు మొదలైన రోజే వెలుగు ఎందుకొచ్చిందో, నడుమ నడుమ ఎందుకు ఆరుతోందో తెలిసింది. "చాలు మామా, తెలిసింది. పోదాం పదండి," అంది.

ఆయన కదల్లేదు. "మనం అనుకొంటే చాలదు తల్లీ. మిద్దె మీద కనిపించేది ఇదేనని ఎట్ల చెప్తావు?" నేత్రావతి వైపు తిరిగాడు. "ఒక్క నిమిషం ఆపుతావామ్మా? ఊర్లో జనం అన్నం మానేసి ఆకాశం చూస్తా ఉండారు."

"నా తోటను చూసా?" ఆమెకు నవ్వొచ్చింది. "ఒక నిమిషమే. గిడ నిద్రపోతే నువ్వే లేపాల."

మునివెంకటప్ప ఫోన్ శ్రీరక్షకిచ్చాడు. మిద్దె మీదికి పోయి, వెలుగు ఆరుతుందో లేదో ఎవరైనా చూసి చెప్పాలి. ఇంట్లో ఉన్నది దొడ్డమ్మ, కుముద. దొడ్డమ్మకు చీకటైతే చూపు ఆనదు. వారం రోజులుగా తలుపులు బిగించి, బిడ్డను ఆ వెలుగు కంటబడకుండా దాచింది శ్రీరక్ష. ఇంటికి ఫోన్ కలిపింది.

"దొడ్డమ్మా, పాపకు టోపీ పెట్టి మిద్దె మీదికి పిల్చుకొని పో," అంది చివరికి.

నేత్రావతి స్విచ్చి కిందికి లాగింది. తోట చీకటైంది. ఫోన్లో కుముద గొంతు వినిపించింది: "అమ్మా, వెలుగు పోయింది." స్విచ్చి పైకి లేచింది. "వచ్చింది." ఆయన ఇంకోసారి ఆపమన్నాడు. "మళ్ళీ పోయింది. నువ్వా ఆర్పేది?"

తిరిగి వస్తూ దిబ్బ దగ్గర శ్రీరక్ష అడిగింది: "అయితే దిబ్బ వల్ల ఏం భయం లేదంటావా మామా?"

"అట్ల నేనెందుకంటాను? ఎండాకాలం గాలికి దుమ్ము లేస్తాది, అది నిజం. అప్పుడు కిటికీలు మూసుకో. ఇప్పుడు తడిసి ఉండాది, దుమ్ము యాడిది? పాపకు పిల్లికూతలు ఎందుకొచ్చినాయో దాన్నీ ఇట్లనే ఎతుక్కో. మంచం కాడ్నుంచి మొదలుపెట్టు."

రైలు దిగి ఇంటికొచ్చిన అచ్యుత చెప్పులు విడుస్తూ, "ఇల్లు ఒకటి చూసినాను, రేపు మాట ఇచ్చేయాల," అన్నాడు. అప్పటికి శ్రీరక్ష కుముద మంచం ఒక పక్కకు జరిపి, టార్చితో గోడ చూస్తోంది. దిండు తగిలే చోట, ముసురుకు చెమ్మ ఎక్కిన గోడ మీద, అరచేయంత నల్లటి బూజు పట్టి ఉంది.

"మాట ఇయ్యొద్దు," అంది. "ఇట్ల పట్టు, మంచం అవతల గదిలో వేద్దాం. రేపు సెలవు పెట్టు, పాపను డాక్టరుకు చూపించి వద్దాం."