గీత మీది చుక్క

ఆఫీసులో ఆయనకు చుక్కలాయన అని పేరు. ధాన్యం పోసే ఇనుప గాదెలు కట్టకముందే లోపల గింజలు ఎలా జారతాయో, గోడను ఎంత తోస్తాయో కంప్యూటర్లో చూడడం ఆయన పని. ఒక్కో గింజా ఒక చుక్క. అలాంటివి రెండు లక్షలు. ప్రతి చుక్కా మిగతా అన్నిటికీ తగులుతుందేమో చూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని చోటంతా గదులుగా కోసేవారు. చుక్క తన గదినీ, పక్క గదులనూ చూసుకుంటే చాలు.

ఇదంతా అన్నం తింటూ భార్యకు చెప్పేవాడు. ఆమె చదువు ఐదో తరగతి.

"అంటే ఇరుగుపొరుగు చాలన్నమాట" అనేది.

"నీకున్న బుర్ర మా మేనేజరుకు లేదే" అని నవ్వేవాడు.

కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు గదులు కోసే పద్ధతి మార్చి, పని సగం వేళకే తేల్చాడు. అందరూ భుజం తట్టారు. చుక్కలాయన మాత్రం చుక్కలు లెక్కపెట్టాడు. మొదట ఉన్నన్ని చివర లేవు. సరిగ్గా రెండు గదుల మధ్య గీత మీద పడ్డ చుక్కను ఈ గది నాది కాదంది, ఆ గదీ నాది కాదంది.

"నాలుగు గింజలు జారితే కొంపలు మునుగుతాయా? ఈ లెక్క మీద సంతకం పెట్టవయ్యా" అన్నాడు మేనేజరు.

"లెక్కలోంచి జారినవి గోడకు ఆనుకున్నవేనండి. గోడ మీద బరువు తక్కువ చూపిస్తోంది."

మూడు వారాలు సంతకం పెట్టలేదు. ఆయన కుర్చీ మెట్ల కిందికి మార్చారు. టీకి పిలిచేవాళ్లు లేరు. ఇంట్లో ఆయనకు ముద్ద దిగడం మానేసింది. ఆమెకు భయం పట్టుకుంది.

"పోతే చుక్కలే కదండీ, మనుషులు కాదుగా. పెట్టేయండి."

మర్నాడు ఆయన సంతకం పెట్టేశాడు.

ఏడాది తిరక్కుండా ఆ లెక్కతో కట్టిన గాదె గోడ మాగిన దోసపండులా విచ్చుకుంది. కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. విచారణలో కాగితం మీద దొరికింది ఒక్కటే సంతకం. ఆయన్ని ఇంటికి పంపేశారు. నువ్వే కదా పెట్టమన్నావని ఆమెను ఒక్కనాడూ అనలేదు. అనుంటే బాగుండేది. ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

వారానికి ఆ కుర్ర ఇంజనీరు ఆఫీసులో ఉండిపోయిన ఆయన పాత కళ్లజోడూ, పుస్తకాలూ తెచ్చి ఇచ్చాడు. కాఫీ ముట్టకుండా తల దించుకు కూర్చున్నాడు.

"గదులు కోసింది నేనే వదినా. కానీ అన్నయ్య ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సింది."

"పెట్టమన్నది నేనయ్యా" అంది ఆమె.

అతను తలెత్తాడు. వచ్చిన దగ్గర్నుంచి బిగిసి ఉన్న భుజాలు దిగాయి.

"అదా సంగతి" అని, చల్లారిన కాఫీ గటగటా తాగేశాడు.