బొట్టు పెట్టిన పాలసీ

ఆ రోజుల్లో నా కోపాలన్నీ డైరీలోనే జరిగిపోయేవి. వరసలో ఎవరైనా నన్ను దాటి ముందుకు పోయినా, ఆఫీసులో నేను చేసిన పనిని ఇంకొకరు తమదని చెప్పుకున్నా, ఎదురుగా తలూపి ఇంటికొచ్చి వాళ్ళను రెండు పేజీలు దులిపేసేదాన్ని. వాళ్ళకు ఆ సంగతి తెలియదు కాబట్టి హాయిగానే ఉండేవారు. ఒక్క కోపం మాత్రం డైరీలో పట్టలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ చల్లారలేదు.

మేము బాపు అని పిలిచే నాన్నకు బజారులో బట్టల దుకాణం. హన్మకొండలో లోను మీద ఇల్లు కొన్నప్పుడు బ్యాంకులో నవ్వుల సారు (మేము పెట్టుకున్న పేరే, ఏ మాటకైనా ముందు నవ్వేవాడు) పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా బాపు సంతకాలు చేసుకుంటూ పోయాడు. "ఇంటికి ఇన్సూరెన్స్ గూడ దీంట్లనే వచ్చేస్తది, ఇగ ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు సారు. ఇంటి వెనకే నాలా, పెద్ద మురుగు కాలువ. పక్కనే కూర్చున్న నాకు, వరద వస్తే ఇస్తారా అని అడగాలనిపించింది. ఆ ప్రశ్నను మనసులో మూడుసార్లు దిద్దుకున్నాను. నాలుగోసారి దిద్దేలోపు అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత పాలసీ కవరు పోస్టులో వచ్చింది. అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి అర్రలో పెట్టింది. చదువుతానంటే "పూజల పెట్టినదాన్ని చింపుతవా" అంది. ఊరి లైబ్రరీలో పుస్తకాలు సగం చదివానని పేరున్న నేను, మా ఇంట్లో ఉన్న ఆ ఒక్క కాగితం చదవలేదు.

మరుసటి వానాకాలం నాలా పొంగింది. పొద్దున పది గంటలకల్లా వంటింట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. ఫ్రిజ్ పడిపోయింది, వెనక ప్రహరీ గోడ పడిపోయింది, మంచం కింద నా పుస్తకాలు ఉబ్బి రొట్టెల్లా అయ్యాయి. నీళ్ళు తీశాక ఆ కవరు పట్టుకుని ముగ్గురం బ్యాంకుకు పోయాం. అమ్మ దండం పెట్టుకుని కవరు చింపింది. సారు చదివాడు, నవ్వాడు.

"ఇది ఇంటి మీద కాదు సార్, మీ మీద. మీకేమన్నయితే లోను కడ్తది."

"నాకేమైతది? గోడ వడ్డది" అన్నాడు బాపు.

"గోడకు రాదు సార్. మీరు బాగనే ఉన్నరు కద."

బాపు బాగా ఉండటమే తప్పన్నట్టు ఒక క్షణం అందరం ఆయన వంక చూశాం. అమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే ఈయన పోతెనే పైసలా? ఏడాది సంది ప్రతి శుక్రవారం దానికి బొట్టు వెడ్తాన. నేను దేన్ని మొక్కినట్టు మరి?"

సారు దగ్గర దీనికి నవ్వు లేదు. "సంతకం చేసేటప్పుడు చదువుకోవాలె కదమ్మా" అన్నాడు. ఆ మాట నిజం. అందుకే ఒళ్ళు మండింది. ఇంటికని చెప్పింది ఆయనే, చదవలేదని తప్పు మాదే అంటున్నదీ ఆయనే.

పోయిన సామాను ఎలాగూ రాదు. వానాకాలం ఇంకా సగం ఉంది. సారు అసలైన ఇంటి పాలసీ ఫారం తీసి మళ్ళీ పెన్సిల్ గుర్తులు పెట్టి ఇస్తే, బాపు మళ్ళీ పెన్ను తీశాడు. ఆయన చేతిలోంచి ఫారం లాక్కున్నాను.

"ఆగు బాపు. చదువుతా." గొంతు నాదేనా అనిపించింది. మొదటి లైను నుంచి పైకే చదివాను. వరద నీళ్ళు ఇందులో ఉన్నాయా, ప్రహరీ గోడ వస్తుందా, ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించండి అన్నాను. సామాన్ల గడి ఖాళీగా ఉంటే ఎందుకని అడిగాను. విలువ దగ్గర భూమితో సహా ఇల్లు కొన్న ధర మొత్తం వేశాడు. "భూమి కొట్టుకపోదు కద సార్. మళ్ళ కట్టనీకి ఎంతయితదో అది రాయుండ్రి." ఆయన నవ్వకుండా కొట్టేసి రాశాడు.

వెనక వరసలో ఒకాయన "అక్కా, జర జల్ది" అన్నాడు. ఆయన వెనకున్న ముసలమ్మ కసిరింది. "సదువనియ్యి, నీకేం రైలు పోతాందా? బిడ్డా, ఆ నీళ్ళ ముచ్చట ఇంకోపారి సదువు." చదివాను. ఆమె తన సంచిలోంచి ఒక మడత కాగితం తీసి, నాది కూడా చూడమంది. అదీ మనిషి పోతే వచ్చేదే. ఆమె సారు వైపు చూసిన చూపు నేను రెండు పేజీల్లో కూడా రాయలేను.

మా ఫారంలో అన్నీ రాయించాకే బాపు సంతకం చేశాడు. బయటికొచ్చాక మెట్ల మీదే కూర్చుండిపోయాను. బాపు పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, "మొదటి దినమే గిట్ల అడిగితే మంచిగుండు బిడ్డా."

సారు మీద కోపం ఒకవైపు, బాపు అన్న ఆ మాట మీద కోపం ఇంకోవైపు. అన్నిటికంటే ఎక్కువ, మూడుసార్లు దిద్దుకుని ప్రశ్న మింగేసిన అప్పటి నాలోని ఆ పిల్ల మీద. మెడ పట్టి లేపి అడిగించాలనిపిస్తుంది. తీరా తలుచుకుంటే, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కుర్చీ అంచున కూర్చుని, వ్యాకరణం సరిపోయాక అడుగుదామని చూస్తూ ఉంటుంది పాపం. ఇక తిట్టబుద్ధి కాదు.