బుడగ లేని సీసా

పెదజాలారిపేట దొరబాబు పదకొండేళ్లుగా తన పడవ మీద వెళ్లి పరిశోధనశాలకు సముద్రపు నీళ్లు తెస్తున్నాడు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి సీసా నింపడంలో అతనిది తిరుగులేని చెయ్యి. రబ్బరు గొట్టం సీసా అడుగుకు ఆనించి, నీళ్లు మెల్లగా వదిలి, బాగా పొర్లిపోయేదాకా కదలడు. మూత పెట్టి తలకిందులు చేసి చూస్తాడు. ఆవగింజంత బుడగ కనబడినా పారబోసి మళ్లీ మొదలుపెడతాడు. ఈ పని ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది పాడుచేసిన సీసాలే నేర్పాయి.

మొన్న మార్చిలో ఒకరోజు ఇంజను మొరాయించడంతో, పొద్దున్న నింపాల్సిన సీసా మధ్యాహ్నం రెండింటికి నింపాడు. పరిశోధనశాలలో ఆక్సిజన్ లీటరుకు ఎనిమిదిన్నర మిల్లీగ్రాములు తేలింది. ఆ వేడిలో గాలి నుంచి నీళ్లు పట్టుకోగలిగేది ఆరున్నరే. అక్కడికి కొత్తగా వచ్చిన అధికారి గురునాథరావు ఆ అంకె కొట్టేశాడు.

"సీసాలోకి గాలి పోనిచ్చావయ్యా, అందుకే అంకె పెరిగింది. వచ్చే నెల నుంచి ఈ పని ఇంకొకరికిస్తాం."

"నాను బుడగ ఒదిల్నానా? ఏటి సారూ ఆ మాట! ఆ రోజు నీళ్లు పచ్చగున్నాయి. ఒక్కరోజు నాతో రండి, మీరే నింపండి."

గురునాథరావు వెళ్లాడు. సముద్రం అద్దంలా ఉంది, నీళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఉదయం ఆరింటికి ఇద్దరూ చెరో సీసా నింపారు. అధికారి సీసాలో బుడగ మెరిసింది.

"పారబొయ్యండి సారూ. కొబ్బరినీళ్లు ఒంపినట్టు ఒంపితే ఎలాగ?"

మూడోసారికి కుదిరింది. మధ్యాహ్నం రెండింటికి, జీపీఎస్ చూసుకుని, అదే చోట మళ్లీ నింపారు. ఉదయం సీసాల్లో అప్పుడే వేసినట్టు, వీటిలోనూ ఆక్సిజన్‌ను పట్టి రంగు తేల్చే మందులు వేసి కలిపారు. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే గోధుమరంగు అంత ముదురుతుంది. ఉదయం సీసాలు రెండూ లేత రంగు, ఇప్పటివి రెండూ చిక్కటి రంగు.

దొరబాబు అధికారి సీసా ఎత్తి ఎండకు పట్టాడు.

"ఇప్పుడు సెప్పండి సారూ, మీ సీసాలోకి గాలి ఎవుడు ఊదినాడు?"

గురునాథరావు పగలబడి నవ్వాడు.

లాబ్‌లో ఉదయానివి రెండూ ఆరు పైన, మధ్యాహ్నానివి రెండూ ఎనిమిది పైన తేలాయి. నీళ్లకు ఆక్సిజన్ ఇచ్చేది అలలు కలిపే గాలి ఒక్కటే కాదు. కంటికి ఆనని పచ్చటి మొక్కలు పగలంతా ఎండ తాగి నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతాయి. నీళ్లు పచ్చగా ఉండేది వాటివల్లే. కొట్టేసిన అంకెను గురునాథరావు స్వహస్తాలతో మళ్లీ రాసి, పక్కనే 'సేకరణ: దొరబాబు' అని చేర్చాడు.

"ఇక రోజుకు రెండుసార్లు నువ్వే తేవాలి. మావాళ్లకు సీసా నింపడం కూడా నేర్పాలి."

"నేర్పుతాను సారూ. ముందు మీరు ఇంకో పది నింపండి. మీ సెయ్యి ఇంకా వణుకుతంది."