యంత్రాల చదరంగానికి తీర్పరి మస్తాన్ వలీ

ప్రొద్దుటూరులో గడియారాలు బాగుచేసే మస్తాన్ వలీ మామ కన్నుమూశారన్న దుర్వార్త మొన్న శుక్రవారం ఫోనులో అందింది. చెప్పినవాడు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. జీవితమంతా ఎదుటివాళ్లను నమ్మించబోయి అలసిన మనిషిని. ఆ క్షణాన నమ్మడానికీ, నమ్మకపోవడానికీ కూడా ఓపిక లేక అలాగే కూర్చుండిపోయాను.

మన జిల్లాలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఆడే చదరంగం పోటీలకు ఎన్నో ఏళ్లుగా ఆయనే న్యాయనిర్ణేత. తెలియనివారి కోసం చెబుతాను. ప్రోగ్రాము రాసేది కాలేజీ పిల్లలు, ఎత్తు ఆలోచించేది యంత్రం. యంత్రానికి చేతులుండవు కనుక పక్కన ఒక మనిషి కూర్చుని, తెర మీద పడిన ఎత్తును బల్ల మీద పావులతో వేయాలి. సొంత బుద్ధి వాడకూడదు. మనవాళ్లకు చేతగానిది సరిగ్గా అదే! తగాదాలన్నీ అక్కడే పుట్టేవి. వాటన్నింటినీ నిర్వికార వదనంతో, నిష్పక్షపాత బుద్ధితో ఆయన భరించారు.

పులివెందులలో ఒకసారి, వేముల నుంచి వచ్చిన లెక్కల మాస్టరు తన యంత్రం ఏనుగును ఊరికే పోగొట్టుకోబోతుంటే చూడలేక వేరే ఎత్తు వేశాడు. మామ ఆట ఆపారు.

"ఏంది సార్, యాడ చూసి వేసినావు?"

"అది తిక్క పని చేస్తాంది మామా. కండ్ల ముందర ఏనుగును ఎట్ల చంపుకుంటాం?"

"తప్పు చేసే హక్కు దానిది. నువ్వు దానికి చెయ్యివి మాత్రమే. నీకంత ఆట వస్తే ఈ పక్కకు రా, నాతో ఆడు."

ఏనుగు పోయింది. మాస్టరు ఆ పూట అన్నం ముట్టలేదు. మామ అన్న ఆ మాట మాత్రం మా పోటీలకు శాసనమై నిలిచింది.

ఇక నా సంగతి. గండికోటలో ఒక కోతి నాకు మూడు ఎత్తుల్లో ఆట కట్టించిందని నేను ప్రమాణపూర్వకంగా చెప్పినప్పుడు, మామ గడియారంలోంచి తల ఎత్తకుండానే "దాన్ని పిల్చకరా అబ్బీ, పేరు రాసుకుంటా. నీకంటే మేలు" అన్నారు. నా మాటల విలువ ఆయనకు అంత బాగా తెలుసు.

జమ్మలమడుగు ఫైనల్లో మా అన్న కూతురు రమ్య రాసిన ప్రోగ్రాముకు నేనే చెయ్యి. ఆట కీలక దశలో ఉండగా తెర మీద ఎత్తు పడింది: మంత్రిని బలి ఇమ్మని. నా చెయ్యి లేచేలోపు కరెంటు పోయింది. మా పాత కంప్యూటరు ఆరిపోయింది. అలాంటప్పుడు ఎత్తు చూసిన మనిషి మాట చెల్లుతుందన్నది మామ పెట్టిన నియమమే. అలా ఎంతోమంది మాటలు చెల్లాయి.

"మంత్రిని ఇచ్చేయమనింది మామా."

"మంత్రినా? కంప్యూటర్ చెప్పిందా, కోతి చెప్పిందా?"

హాలంతా నవ్వింది. "కంప్యూటరే" అని ఊరుకున్నాను.

"కరెంటు వచ్చినాక దాన్నే మళ్ల ఆలోచించుకోనీ" అని తీర్పు చెప్పారు. మళ్లీ వెలిగిన యంత్రం ఏదో పిరికి ఎత్తు వేసి ఓడిపోయింది. "నిజంగా చూసినావా చిన్నాయనా?" అంది రమ్య. ఇంట్లో అదే ఆట పెట్టి చూస్తే యంత్రం ఒక్కోసారి ఒక్కో ఎత్తు చూపించేది. నాకు సాక్ష్యం లేకుండా పోయింది.

పోయిన నెల ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మామే ఆ మాట ఎత్తారు. "అబ్బీ, ఆ పొద్దు మంత్రి సంగతి నిజమేనా? ఇన్నేండ్లుగా నన్ను తింటాంది."

ఆ స్థితిలో ఆయనకు మనశ్శాంతి మిగిలితే చాలనుకున్నాను. "లేదు మామా, కతే. నీ తీర్పే సరి."

ఆయన దిండు మీద నుంచి తల ఎత్తారు.

"కత అయితే దానికి నువ్వు తోకా కొమ్ములూ తగిలిస్తావు. ఆ పొద్దు ఒక్క మాట చెప్పి ఊరుకున్నావు. ఇప్పుడు గోడను చూసి మాట్లాడుతాండావు. అబద్దం ఇదే. తప్పు నాదే అబ్బీ. రాయి, అందరికీ తెలియల్ల."

అందుకే రాస్తున్నాను. ఆ తీర్పు తప్పు. తప్పని ఒప్పుకున్నవారు స్వయంగా మస్తాన్ వలీ గారే. ఈ మాట చెబితే రమ్య "బాగుంది చిన్నాయనా" అని జాలిగా నవ్వింది. మీరూ నవ్వుతారు. మా పోటీలకు రేపు మరో తీర్పరి దొరకవచ్చు. నా మాట నిజమని తేల్చిన ఒకే ఒక్క మనిషి, ఆ సంగతి ఇంకెవరితోనూ చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆ ధర్మమూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ నమస్కారాన్నయినా నమ్మండి.